గుర్రానికి భయపడిన పిల్లవాడు

ఏడాది నిండని బిడ్డ చేతికి దొరికిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకుంటుంది. రెండో ఏడు దాటాక మలమూత్రాలను అదుపు చేసుకోవడం నేర్చుకుంటుంది. మూడు నుంచి ఆరేళ్ల లోపు ఆడ, మగ తేడా గమనించి, తాను ఎక్కడి నుంచి వచ్చానని అమ్మను అడుగుతుంది. తరువాత బడి, ఆటలు, స్నేహాలు. యుక్తవయసు వచ్చాక శరీరం మళ్లీ కొత్త ప్రశ్నలు లేవనెత్తుతుంది. ప్రతి ఇంట్లోనూ జరిగే ఈ వరుసనే వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ మనిషి వ్యక్తిత్వానికి పునాదిగా భావించాడు. మన డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో ముఖ దశ, ఆసన దశ, లింగ దశ, గుప్త దశ, జననేంద్రియ దశ అని విద్యార్థులు వల్లెవేసేది దీన్నే.

ఆ అయిదు మెట్లూ ఒక్కసారిగా తయారైనవి కావు. పసితనంలోనూ శారీరక సుఖానుభవం ఉంటుందని 1905లో ప్రకటించినప్పుడు ఫ్రాయిడ్ పెద్ద దుమారమే ఎదుర్కొన్నాడు. లింగ దశకు ఆ పేరు పెట్టింది 1923లో. ఏ దశలోనైనా బిడ్డ కోరిక మరీ తీరకపోయినా, మరీ ఎక్కువగా తీరినా మనసులో కొంత భాగం అక్కడే చిక్కుకుపోతుందని, పెద్దయ్యాక ఆ చిక్కు స్వభావంగా బయటపడుతుందని ఆయన వాదన. అతి శుభ్రత, పిసినారితనం, మొండిపట్టు అనే మూడు గుణాలకూ ఆసన దశకూ సంబంధం ఉందని 1908లో రాశాడు. ఈ భాగం నిలవలేదు. మలవిసర్జన అలవాటు చేసిన తీరును బట్టి పెద్దయ్యాక స్వభావం ఏర్పడుతుందనడానికి తరువాతి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. అయినా దీన్ని రుజువైన సత్యంలా తల్లులకు చెప్పి, వారిని నేరస్తుల్లా నిలబెట్టే సలహాదారులు ఇప్పటికీ ఉన్నారు. అది అన్యాయం.

ఇంతకీ ఫ్రాయిడ్‌కు ఈ దశలు ఎలా తెలిశాయి? ఆయన వైద్యం చేసింది పెద్దవాళ్లకు. సోఫా మీద పడుకుని వాళ్లు తవ్వి తీసిన జ్ఞాపకాల నుంచి వెనక్కి నడిచి, బాల్యం ఇలా ఉండి ఉంటుందని ఊహించాడు. ఆ ఊహను సరిచూసుకోవడానికి ఒక పిల్లవాడు కావాలి. శిష్యులను, మిత్రులను తమ పిల్లల మాటలు, చేష్టలు రాసిపెట్టమని కోరాడు. అలా దొరికినవాడే వైద్య చరిత్రలో ‘లిటిల్ హాన్స్’గా మిగిలిపోయిన హెర్బర్ట్ గ్రాఫ్. తండ్రి మాక్స్ గ్రాఫ్ సంగీత విమర్శకుడు, ఫ్రాయిడ్ ఇంట్లో బుధవారం రాత్రుళ్లు జరిగే చర్చలకు వెళ్లేవాడు. తల్లి ఒకప్పుడు ఫ్రాయిడ్ దగ్గర చికిత్స పొందింది. అంటే పిల్లవాడు మాట్లాడకముందే ఆ ఇంటికి సిద్ధాంతం తెలుసు. ఈ సంగతి మరచిపోకూడదు.

1908 జనవరిలో, అయిదేళ్లు నిండడానికి మూడు నెలల ముందు, హాన్స్ వీధిలోకి రానని మొండికేశాడు. గుర్రం కరుస్తుందని భయం. అప్పటి వియన్నా వీధుల్లో ఎటు చూసినా గుర్రబ్బండ్లు కనిపించేవి. ఇంటి ఎదురుగానే సరుకు దింపే గోదాము ఉండడంతో బరువు బండ్లు రోజంతా వస్తూ పోతూ ఉండేవి. నిండుగా సరుకు ఎక్కించిన బండి మలుపు తిరుగుతుంటే వాడికి మరీ వణుకు. గుర్రం కళ్లకు కట్టే గంతలు, నోటి చుట్టూ ఉండే నలుపు చూస్తే భయం. అమ్మతో నడిచి వెళుతుండగా బండికి కట్టిన ఒక పెద్ద గుర్రం కూలిపోయి కాళ్లు తన్నుకోవడం చూశానని, అప్పటి నుంచే ఇదంతా మొదలైందని వాడే స్వయంగా చెప్పాడు. అంతకుముందు వేసవి విడిదిలో ఒక పెద్దమనిషి తన కూతురితో, ‘తెల్ల గుర్రానికి వేలు అందించకు, కరుస్తుంది’ అనడమూ వాడు విన్నాడు.

తండ్రి ప్రతి మాటా రాసి ఫ్రాయిడ్‌కు పంపాడు. ఫ్రాయిడ్ పిల్లవాణ్ణి చికిత్స కోసం చూసింది ఒక్కసారే, ఆ ఏడాది మార్చి 30న. గుర్రం నోటి నలుపు నాన్న మీసమని, కంటి గంతలు నాన్న కళ్లద్దాలని ఆయన వివరించాడు. అమ్మ మీద అపారమైన ప్రేమ ఉన్న పిల్లవాడు నాన్నను పోటీదారుగా చూస్తున్నాడని, ఆ నాన్న శిక్షిస్తాడన్న భయమే గుర్రం రూపం దాల్చిందని ఆయన నిర్ణయం. అమ్మ మీది ప్రేమ, నాన్నతో పోటీ కలిసిన ఈ ముడికి ఆయన పెట్టిన పేరు ఈడిపస్ కాంప్లెక్స్. దానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఆయనకు మళ్లీ దొరకలేదు. ఇంటికి వెళుతూ హాన్స్ తండ్రిని, ‘ఆ ప్రొఫెసర్ దేవుడితో మాట్లాడతాడా, అన్నీ ముందే ఎలా తెలుసు?’ అని అడిగాడు. ఆ ప్రశ్న చదివినప్పుడల్లా ఆ పిల్లవాడి చురుకుదనానికి ముచ్చటేస్తుంది. మే నాటికి భయం తగ్గింది, మరుసటి ఏడాది ఫ్రాయిడ్ కేసును ప్రచురించాడు.

ఈ సాక్ష్యం అన్ని దేశాల్లోనూ నిలుస్తుందా? పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో పిల్లలను అదుపు చేసేది తండ్రి కాదు, మేనమామ. అక్కడి కుటుంబంలో ఈడిపస్ కథ అలాగే నడవదని మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1927లో వాదించాడు. మన దేశంలో 1922లో కలకత్తాలో ఫ్రాయిడ్ పద్ధతి అయిన మనోవిశ్లేషణకు సంఘం స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపి కూడా ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేదు. గురువు కీర్తికి జంకకుండా తన రోగులు చెప్పినదాన్ని నమ్ముకున్న బోస్ ధైర్యం గురించి మన పుస్తకాల్లో తగినంతగా రాయలేదు.

1960లో మనోవైద్యుడు జోసెఫ్ వోల్పీ, మనస్తత్వవేత్త స్టాన్లీ రాక్‌మన్ హాన్స్ కేసును మళ్లీ చదివి సూటిగా అడిగారు. పిల్లవాడు గుర్రం కూలిపోవడం చూసి జడుసుకున్నానని చెబుతున్నాడు కదా, ఆ మాట నమ్మడానికి అభ్యంతరం ఏమిటి? చాలా వ్యాఖ్యలు తండ్రి నోటి నుంచి వచ్చినవే, పిల్లవాడు వాటికి ఊ కొట్టాడని వాళ్లు చూపించారు. ఈ విమర్శ సమంజసమే. కాని అది సగం కథే. కళ్లెదుట గుర్రం పడితే ఏ పిల్లవాడైనా బెదురుతాడు. నెలల తరబడి అమ్మ కొంగు వదలకపోవడానికి మరో కారణం ఉండాలి.

దాన్ని 1973లో జాన్ బౌల్బీ పట్టుకున్నాడు. తల్లీబిడ్డల అనుబంధం ఆకలి తీరడం వల్ల పుట్టే ఉప ఫలితం కాదని, అది దానంతట అదే ఒక ప్రాథమిక అవసరమని చెప్పిన బ్రిటిష్ మనోవైద్యుడాయన. ఫ్రాయిడ్ అచ్చువేసిన పేజీల్లోనే ఆయనకు ఆధారాలు దొరికాయి. గుర్రం భయం రావడానికి కొన్ని రోజుల ముందు హాన్స్ ఏడుస్తూ నిద్రలేచాడు. అమ్మ వెళ్లిపోయిందని, ఇక తనను లాలించే అమ్మ లేదని కల వచ్చిందట. తరువాత ఒక ఉదయం నాన్న పక్కలో చేరి, మీరు బయటికి వెళితే తిరిగి రారేమోనని భయంగా ఉంటుందని చెప్పాడు. నేనెప్పుడైనా అలా బెదిరించానా అని తండ్రి అడిగితే, మీరు కాదు, తిరిగి రానని చెప్పింది అమ్మ అన్నాడు. నువ్వు అల్లరి చేశావు కాబట్టి అమ్మ అలా అని ఉంటుందని తండ్రి సర్దిచెప్పాడు. పిల్లవాడు అవునన్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది.

ఇంత స్పష్టమైన వాక్యాన్ని దాటవేసి మీసం, కళ్లద్దాల దగ్గర ఆగిపోవడం సిద్ధాంతం మీద మోజు వల్ల జరిగిన పొరపాటని నా నమ్మకం. అయితే తనకు పనికిరాని మాటలను కూడా ఫ్రాయిడ్ తీసివేయలేదు. అరవై ఏళ్ల తరువాత మరొకరు అదే నివేదికను చదివి మరో నిర్ణయానికి రాగలిగారంటే కారణం అదే.

1922 వసంతంలో పందొమ్మిదేళ్ల హెర్బర్ట్ ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చి, ‘నేనే లిటిల్ హాన్స్‌ని’ అని పరిచయం చేసుకున్నాడు. ఆ కేసు చదివితే ఎవరి గురించో చదివినట్టు ఉందన్నాడు. గుర్రం గుర్తులేదు. తల్లిదండ్రులు ఈలోగా విడిపోయి వేర్వేరు పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇద్దరితోనూ సఖ్యంగానే ఉన్నానని, చెల్లెలికి దూరం కావడం ఒక్కటే బాధగా ఉందని చెప్పాడు. ఫ్రాయిడ్ ఈ మాటలు కూడా కేసు చివర చేర్చి ప్రచురించాడు.