కరోనా, కడుపులోని మాయ: అపోహలు - వాస్తవాలు

కాన్పు గదిలో బిడ్డ ఏడుపు వినపడగానే అందరి చూపూ బిడ్డ మీదికే పోతుంది. "మాయ పడిందా?" అని అడిగేది అవ్వలు మాత్రమే. ఆ మాయ (ప్లాసెంటా) పూర్తిగా వచ్చిందో లేదో నర్సమ్మ ఒకసారి తిప్పి చూసి, ఆసుపత్రి చెత్త వేసే పసుపు రంగు సంచిలో వేసేస్తుంది. వెనకటికి మన పల్లెల్లో పెరట్లో గుంత తీసి పూడ్చేవాళ్లు. నేను తిరుపతిలో పాథాలజిస్టుని. ఆ సంచిలోకి పోకుండా ల్యాబుకు వచ్చిన మాయల్ని కోసి చూడటం నా పనిలో ఒక భాగం.

2021 వేసవిలో పాకాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాయ నా టేబుల్ మీదికి వచ్చింది. ఎనిమిదో నెల. మూడు రోజులు ఒళ్లు వెచ్చబడింది, వాసన తెలియలేదు, అంతే. ఆక్సిజన్ పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. రెండు వారాలు తిరక్కుండానే బిడ్డ కదలిక ఆగిపోయింది. రిపోర్టు కోసం వాళ్లత్త వచ్చింది. కౌంటర్ దగ్గరే నన్ను ఆపి, "బొప్పాయి తినింది మేడమ్, చెప్తే వినలేదు. దానికే కదా ఇట్లయింది?" అని అడిగింది. ఆ అమ్మాయి వెనకాల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

ఇద్దరినీ లోపలికి పిలిచి స్లైడు చూపించాను. ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: తల్లి ఏదో తినింది, ఎక్కడికో ప్రయాణం చేసింది, గ్రహణం రోజు బయటికొచ్చింది. అందుకే బిడ్డ పోయింది.

వాస్తవం: నిండు నెలల మాయ సుమారు అర కిలో తూగుతుంది. జానెడు వెడల్పు, రెండు రెండున్నర సెంటీమీటర్ల మందం. బిడ్డ పుట్టేదాకా ఊపిరితిత్తుల పని, మూత్రపిండాల పని అన్నీ అదే చేస్తుంది. మర్రిచెట్టు ఊడలు నీళ్లలోకి వేలాడుతున్నట్టు ఊహించుకోండి. ఆ ఊడల్లాంటివే విల్లైలు. వాటి లోపల బిడ్డ రక్తం, చుట్టూ తల్లి రక్తం. రెండూ కలవవు. మధ్యలో ఉన్న పల్చటి పొర గుండానే ఆక్సిజన్, ఆహారం బిడ్డకు అందుతాయి.

మామూలు మాయను కోస్తే కత్తి స్పాంజిలో దిగినట్టు దిగుతుంది. ముదురు ఎరుపు రంగు, వేలితో నొక్కితే రక్తం ఊరుతుంది. ఆ అమ్మాయి మాయలో కత్తి ఆగి ఆగి దిగింది. కోసిన చోట పాలిపోయి, తెల్లటి చారలు వల అల్లినట్టు పరుచుకుని ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద పెడితే మూడు మార్పులు ఒకేచోట కనిపించాయి. విల్లైల మధ్య ఖాళీలో తెల్ల రక్తకణాలు కిక్కిరిసిపోయాయి. ఫైబ్రిన్ అనే, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పదార్థం విల్లైల చుట్టూ పేరుకుని బిగుసుకుపోయింది. పైపొర కణాలు చచ్చిపోయాయి. కరోనా సోకిన తల్లి మాయలో ఈ మూడూ కలిసి ఉంటే దాన్ని కోవిడ్ ప్లాసెంటైటిస్ అంటారు.

ఆ అత్తకు నేను చెప్పింది ఇదే: "చెరువు నిండుగా ఉందమ్మా. కాలవ పూడిపోయింది. మడికి నీళ్లు ఎట్లా పారతాయి?" తల్లి రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉంది. బిడ్డ దాకా పోయే దారి మూసుకుపోయింది. పండిన బొప్పాయి ముక్కకో, పాకాల నుంచి తిరుపతికి బస్సు ప్రయాణానికో, గ్రహణానికో మాయలో ఇంత ఫైబ్రిన్ పేర్చే శక్తి లేదు.

అపోహ: కరోనా బిడ్డకు అంటుకుని, బిడ్డ ఊపిరితిత్తులు పాడై చనిపోతుంది.

వాస్తవం: డాక్టర్లు కూడా మొదట్లో ఇలాగే భయపడ్డారు. కానీ తల్లికి కరోనా ఉన్నా, పరీక్షలో పాజిటివ్ వచ్చిన పసిబిడ్డలు నూటికి ఇద్దరి కంటే తక్కువే. 2022లో 12 దేశాల పాథాలజిస్టులు కలిసి, కరోనా సోకి, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల మాయల్ని పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. కడుపులోనే పోయిన బిడ్డలు 64 మంది, పుట్టి పోయినవాళ్లు నలుగురు. ఆ 68 మాయల్లో సగటున 77.7 శాతం భాగం పనికిరాకుండా పోయింది. బిడ్డల్ని చంపింది ప్రధానంగా వాళ్ల ఒంట్లోకి చేరిన వైరస్ కాదు, మాయ దెబ్బతిని ఆక్సిజన్ అందకపోవడం. నాలుగింట మూడు వంతులు పోయిన మాయతో ఏ బిడ్డ మాత్రం ఎంతకాలం నెగ్గుకొస్తుంది?

అపోహ: అయితే కరోనా వచ్చిన ప్రతి గర్భిణికీ ఇంతే.

వాస్తవం: కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పైన రాసింది చదివి ఎవరైనా టెన్షన్ పడితే నాకు బాధ. అమెరికాలో 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబర్ దాకా జరిగిన 12 లక్షలకు పైగా కాన్పుల లెక్క తీశారు. కాన్పు సమయానికి కరోనా ఉన్న తల్లుల్లో బిడ్డ చనిపోయి పుట్టినవి 1.26 శాతం, లేనివాళ్లలో 0.64 శాతం. డెల్టా రకం వైరస్ రోజుల్లో మాత్రం అది 2.7 శాతానికి చేరింది. అంటే డెల్టాలో కూడా నూటికి 97 మంది తల్లులు బతికున్న బిడ్డనే కన్నారు. నా దగ్గరికి వచ్చిన కోవిడ్ తల్లుల మాయల్లో చాలావాటిని చూసి, మామూలుగానే ఉన్నాయని రాసి సంతకం పెట్టాను. ఒమిక్రాన్ వచ్చాక ఇలాంటి కేసులు బాగా తగ్గాయి.

అపోహ: జ్వరం తక్కువగా వచ్చింది, స్కాన్ బాగుంది. ఇక భయం లేదు.

వాస్తవం: తల్లి జబ్బు తీవ్రతను బట్టి మాయ సంగతి చెప్పలేం. ఐసీయూలో పడుకున్న తల్లి మాయ చక్కగా ఉండొచ్చు, ఇంట్లో పారాసెటమాల్‌తో సరిపోయిన తల్లి మాయ దెబ్బతినొచ్చు. పాకాల అమ్మాయి కథ అదే. స్కాన్ చెప్పేది ఆ రోజు సంగతి. ఈ మార్పులు రోజుల్లోనే ముదురుతాయి కాబట్టి పోయిన వారం స్కాన్‌ను నమ్ముకుని కూర్చోకూడదు.

నమ్మాల్సింది బిడ్డ కదలికను. ఏడో నెల దాటాక మీ బిడ్డ రోజూ ఎప్పుడెప్పుడు, ఎంత కదులుతుందో మీకే బాగా తెలుసు. ఆ తీరు మారి కదలిక తగ్గిందనిపిస్తే, "నెలలు నిండాయి కదా, చోటు చాలక కదల్లేదు" అని పెద్దవాళ్లు సర్దిచెప్పినా వినొద్దు. నెలలు నిండితే కదలిక తగ్గుతుందన్నదే ఒక అపోహ. తెల్లారనిద్దాం, మొదటి బస్సుకు పోదాం అనుకోవద్దు. రాత్రయినా 108కి ఫోన్ చేసి, కాన్పులు చేసే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. అవసరమైతే వెంటనే బిడ్డను బయటికి తీస్తారు. ఇది కరోనా ఉన్నా లేకున్నా ప్రతి కడుపుకూ వర్తిస్తుంది.

అపోహ: టీకా వేసుకుంటే మాయ పాడవుతుంది, పిల్లలు పుట్టరు.

వాస్తవం: 2020 చివర్లో బయల్దేరిన పుకారు ఇది. మాయ పొర ఏర్పడటానికి సిన్సిటిన్ అనే ప్రోటీన్ కావాలి, టీకా దాని మీద కూడా దాడి చేయిస్తుందన్నారు. టీకా గురిపెట్టేది కరోనా వైరస్ మీది స్పైక్ ప్రోటీన్‌ను; దానికీ సిన్సిటిన్‌కూ మధ్య చెప్పుకోదగ్గ పోలికే లేదు. టీకా వేసుకున్న తల్లుల మాయల్ని, వేసుకోనివాళ్ల మాయల్ని పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనల్లో టీకా వల్ల నష్టం కనిపించలేదు. పైన చెప్పిన 68 బిడ్డల తల్లుల్లో టీకా వేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. మన దేశంలో గర్భిణులకు టీకా వేయొచ్చని కేంద్రం చెప్పింది 2021 జూలై 2న. అప్పటికే డెల్టా ఉధృతి దాటిపోయింది. ఆ రెండు మూడు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: కరోనా ఉన్న తల్లి పాలివ్వకూడదు.

వాస్తవం: ఇవ్వొచ్చు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వాలి.

అపోహ: ఒకసారి ఇలా జరిగితే ప్రతి కాన్పుకూ ఇలాగే జరుగుతుంది.

వాస్తవం: పాకాల అమ్మాయి ఆ రోజు నన్ను అడిగిన ఒకే ఒక్క మాట ఇది. "మళ్లీ ఇట్లనే అవుతాదా మేడమ్?" మైక్రోస్కోప్‌లో దాదాపు ఇలాగే కనిపించే, కరోనాతో సంబంధం లేని మాయ జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటికి తర్వాతి కాన్పుల్లోనూ తిరగబెట్టే గుణం ఉంది. కాబట్టి అలాంటి తల్లిని మొదటి నెలల నుంచే గట్టిగా కనిపెట్టుకుని ఉండాలి. కరోనా వల్ల వచ్చింది అలా కాదు, అది ఆ ఇన్ఫెక్షన్‌తో వచ్చిన దెబ్బ. ఈ తేడా తేలాలంటే మాయను పరీక్షించి తీరాలి. పరీక్షించకపోతే ఆ తల్లికి మిగిలేది ఊరివాళ్ల మాటే.

అందుకే కాన్పు చేసే డాక్టర్లకు, కుటుంబాలకు నా మనవి ఒకటే. బిడ్డ కడుపులో పోయినా, బాగా బరువు తక్కువ పుట్టినా, కారణం తెలియకుండా నెలలు నిండకముందే కాన్పు వచ్చినా, మాయను పసుపు సంచిలో వేయకముందే "ల్యాబుకు పంపుతారా?" అని అడగండి. ఆ దుఃఖంలో తల్లికి ఇది గుర్తుండదు, తోడున్న అక్కో, పిన్నమ్మో, భర్తో అడగాలి. వెంటనే పంపలేకపోతే మూత ఉన్న డబ్బాలో పెట్టి మామూలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకడితే కణాలు చిట్లిపోయి నాకు ఏమీ కనపడదు. లేదంటే ఫార్మలిన్‌లో వేయాలి, మాయ మొత్తం మునిగేంత పోయాలి. ముక్క కోసి పంపితే చాలదు. తోడుగా వచ్చే ఫారంలో ఎన్నో వారం, కరోనా ఏ తేదీన వచ్చింది, టీకా వేసుకున్నారా, కదలిక ఏ రోజు తగ్గింది, ఈ నాలుగూ రాయండి. పాకాల అమ్మాయి ఫారంలో కరోనా తేదీ రాసే గడి ఖాళీగానే వచ్చింది. జ్వరం వచ్చిన రోజు ఏదో, గోడకు ఆనుకుని నిలబడిన ఆ పిల్లే వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పింది.