సబ్‌మెరీన్ యుద్ధ చరిత్ర: అపోహలు - వాస్తవాలు

యుద్ధనౌకల, సబ్‌మెరీన్ల సర్వీసు చరిత్ర వెతికిపెట్టడం నా పని. బరంపురంలో మా ఇంటికి పాత ఫొటోనో, పెన్షన్ కాగితమో పట్టుకుని వచ్చే తెలుగువాళ్ల నోట తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: "మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో మన నేవీ సబ్‌మెరీన్‌లో పనిచేశారు."

వాస్తవం: అప్పటి రాయల్ ఇండియన్ నేవీకి ఒక్క సబ్‌మెరీన్ కూడా లేదు. మన మొదటి సబ్‌మెరీన్ ఐఎన్ఎస్ కల్వరి 1967 డిసెంబరు 8న నేవీలో చేరింది. అలాగని తాతగారు అబద్ధమాడారని కాదు. సర్వీసు కాగితంలో "మచ్లీమార్" అన్న పేరుందేమో చూడండి. సబ్‌మెరీన్‌ను పసిగట్టి కొట్టడం నేర్పే స్కూలు అది, కరాచీలో ఉండేది. అంటే ఆయన నేర్చుకున్నది సబ్‌మెరీన్‌ను వేటాడే పని. 1944 ఫిబ్రవరి 11న విశాఖ దగ్గర జపాన్ సబ్‌మెరీన్ ఆర్ఓ-110ను ముంచిన మూడు ఓడల్లో మన జమున ఒకటి, మిగతా రెండూ ఆస్ట్రేలియావి. ఒక మనవరాలికి ఇదంతా చెబితే మొదట ముఖం చిన్నబోయింది. తర్వాత ఓడ పేరు, తేదీ జాగ్రత్తగా రాసుకుని వెళ్లింది.

అపోహ: 1942లో ఒరిస్సా తీరంలో ఓడల్ని జపాన్ సబ్‌మెరీన్లు ముంచాయి.

వాస్తవం: గోపాల్‌పూర్ జాలరి పెద్దల దగ్గర కూడా ఈ మాట విన్నాను. ఆ ఏప్రిల్ 6న ఈ తీరానికి దగ్గర్లో వర్తక ఓడల్ని కొట్టినవి జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలోని క్రూయిజర్లు (పెద్ద యుద్ధనౌకలు), విమానాలు. జపాన్ సబ్‌మెరీన్లు ఆ రోజుల్లో పడమటి తీరం, సింహళం వైపు ఉన్నాయి.

అపోహ: పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడింది.

వాస్తవం: తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అంతకుముందు అమెరికా నేవీలో దాని పేరు డయాబ్లో, చేరింది 1945 మార్చి 31న. మొదటి యుద్ధ గస్తీకి పెర్ల్ హార్బర్ నుంచి ఆగస్టు 10న బయల్దేరింది. 15న కాల్పులు ఆగిపోయాయి, దాన్ని గువాం వైపు మళ్లించారు. యుద్ధకాలంలో ఉండటం వేరు, యుద్ధం చేయడం వేరు.

అపోహ: ఆర్టీఐ వేస్తే పాత నేవీ రికార్డులన్నీ ఇచ్చేస్తారు.

వాస్తవం: ఇవ్వరు. 20 ఏళ్లు దాటిన సంగతికైనా దేశభద్రత మినహాయింపు అలాగే ఉంటుంది. ముందు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో వెతకండి.

అపోహ: "ముంచాం" అని కెప్టెన్ రాస్తే ఇక తిరుగులేదు.

వాస్తవం: టార్పెడో వదిలి, ప్రాణభయంతో లోతుకు దిగి, పేలుడు చప్పుడు విన్న మనిషి రాసే మాట అది. ఆయన నమ్మిందే రాస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సబ్‌మెరీన్లు దాదాపు 4,000 ఓడల్ని ముంచామని లెక్క చెప్పాయి. యుద్ధం ముగిశాక జపాన్ రికార్డులతో పోల్చిచూసిన కమిటీ ఒప్పుకున్నవి 1,314. 1965లో మన యుద్ధనౌక బ్రహ్మపుత్రను ఘాజీ ముంచేసిందని పాకిస్తాన్ ప్రకటించింది. ఆ ఓడ క్షేమంగా రేవుకు చేరింది. అందుకే కొట్టిన పక్షం కాగితం దొరికితే, దెబ్బ తిన్న పక్షం కాగితం కోసం కూడా వెతుకుతాను. నెలలు పట్టినా సరే.

1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ దగ్గర 90 మందికి పైగా మనుషులతో మునిగిన ఘాజీ విషయంలోనూ అంతే. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే (నీటి లోపల పేలే బాంబులు) ముంచాయని మన నేవీ అంటుంది, ఘాజీ పరిచిన మైన్లే పేలాయని పాకిస్తాన్ అంటుంది. రెండూ రాసిస్తాను. ఒకటి కొట్టేయమని అడిగినవాళ్ల పని నేను తీసుకోను.