‘సర్వేలో మీ పేరు రాలేదన్నా’: ఎన్నికల కన్సల్టెంట్ల గురించి అపోహలు, వాస్తవాలు

ఎన్నికల కన్సల్టెన్సీల్లో నాకు మూడు ఎన్నికల అనుభవం ఉంది. మొదట ఇంటింటికీ తిరిగి సర్వే చేశాను, తర్వాత ఒక నియోజకవర్గం చూసుకున్నాను, ఆఖరికి రిపోర్టులు రాసే టేబుల్ దగ్గరికి చేరాను. ఏ పార్టీకి, ఏ సంస్థకి అని అడగొద్దు. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితం ఒకటి ఉంది. పెళ్లిళ్లలో, రైళ్లలో నేను చేసే పని తెలియగానే జనం అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నిజం, సగం వాట్సాప్.

అపోహ: కన్సల్టెంట్‌ని పెట్టుకున్న సంగతి నాయకులు దాచిపెడతారు.

పెద్ద నాయకులు దాచరు. 2017 జులైలో నాగార్జున యూనివర్సిటీ ఎదుట జరిగిన వైఎస్సార్‌సీపీ ప్లీనరీలో జగన్ స్వయంగా ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్‌ని కార్యకర్తలకు పరిచయం చేశారు. 2020 ఫిబ్రవరిలో స్టాలిన్, కిశోర్ మొదలుపెట్టిన కన్సల్టెన్సీ ఐప్యాక్‌తో కలిసి పనిచేయబోతున్నట్టు ట్విటర్‌లోనే చెప్పేశారు. 2024లో ఏపీ పోలింగ్ మే 13న ముగిస్తే, 16న జగన్ విజయవాడలో ఐప్యాక్ ఆఫీసుకు వెళ్లి టీమ్‌కి థ్యాంక్స్ చెప్పి, ఈసారి 2019లో వచ్చిన 151 సీట్లు కూడా దాటుతామన్నారు. జూన్ 4న వచ్చినవి 11.

పేరున్న కన్సల్టెంట్ వచ్చాడంటే కేడర్‌కి ధైర్యం. చందాలిచ్చేవాళ్లకి నమ్మకం. అవతలి పార్టీకి కాస్త టెన్షన్. అందుకే చూపిస్తారు. కన్సల్టెంట్ ఉన్నాడని చెప్పడానికి వాళ్లకేం మొహమాటం లేదు. అతను ఏ పని చేశాడు, ఆ పనికి ఎంత ఇచ్చారు, ఏ నిర్ణయం అతనిది, ఏది తమది అన్న దగ్గరే మాట మారుతుంది.

నియోజకవర్గం దాకా దిగితే మాత్రం కథ వేరు. అక్కడ మనిషినే దాస్తారు. నేను మొదటిసారి ఒక అభ్యర్థికి పనిచేసినప్పుడు మా ఆఫీసు ఒక రైస్ మిల్లు మీద గది. కింద మరాడిస్తుంటే పైన ల్యాప్‌టాప్ మీద సన్నటి తవుడు పేరుకునేది. మండల నాయకులు వచ్చినప్పుడు మమ్మల్ని ‘మా బావమరిది కంపెనీ పిల్లలు, కంప్యూటర్ పనికొచ్చారు’ అని పరిచయం చేసేవాడు. ఆయన భయం నాకు అర్థమైంది. ఇరవై ఏళ్లు జెండా మోసినవాడికి, ఏ ఊళ్లో ఏం మాట్లాడాలో నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాడు రాసిస్తున్నాడని తెలిస్తే ఊరుకుంటాడా? ఆయన చెప్పిన అబద్ధం ఓటరు కోసం కాదు, సొంత మనుషుల కోసం.

అపోహ: సర్వేలో బాగా రాకపోతే ఎంత పెద్ద నాయకుడికైనా టికెట్ రాదు.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా ఫీల్డ్ మీద ఉన్న అపోహల్లో ఇదే పెద్దది, దీన్ని పెంచి పోషించింది కూడా పార్టీలే.

ఒక నియోజకవర్గంలో రెండున్నర లక్షల ఓట్లు ఉన్నాయనుకోండి. మండలాలు, సామాజికవర్గాలు, వయసు చూసుకుని బూత్‌లు ఎంచుకుంటాం. అక్కడ ఆరొందల నుంచి రెండు వేల మందిని కలుస్తాం. ‘మీ దగ్గర ఈ పార్టీ తరఫున ఎవరు నిలబడితే బాగుంటుంది?’ అని ముందు పేర్లు చెప్పకుండా అడుగుతాం. తర్వాత పేర్లు చదివి అడుగుతాం. ఈ రెంటికీ జవాబులు ఒకేలా ఉండవు. పేర్లు చెప్పకుండా అడిగితే పాతవాళ్లు ముందుంటారు, పేర్లు చదివితే కొత్తవాళ్లు పైకొస్తారు. ఆరొందల మందిని అడిగితే అటూ ఇటూ 4 శాతం తేడా లెక్కలోనే ఉంది. అంటే ఇద్దరి మధ్య రెండు శాతం తేడా ఉంటే వాళ్లిద్దరూ సమానమే. దాన్ని పట్టుకుని ‘మీరు రెండో స్థానంలో ఉన్నారు’ అని ఒకరిని తీసేస్తే, ఆ నిర్ణయం సర్వేది కాదు.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. ఒక సిట్టింగ్ ఎమ్మెల్యే. మా రిపోర్టులో ముగ్గురు పేర్లలో ఆయనే ముందున్నాడు. గొప్పగా ఏమీ కాదు, కానీ ముందున్నాడు. రిపోర్టు ఇచ్చిన పది రోజులకి ఒక హోటల్ గదికి రమ్మన్నారు. నన్ను ల్యాప్‌టాప్‌తో సహా మూల కుర్చీలో కూర్చోబెట్టారు. పార్టీ పెద్దల మనిషి ఆయన చెయ్యి పట్టుకుని, ‘సర్వేలో మీ పేరు రాలేదన్నా, మేమేం చేస్తాం’ అన్నాడు. ఆయన అతన్ని వదిలేసి నా వైపు తిరిగాడు. ‘ఏం తమ్ముడూ, నిజమేనా?’ అన్నాడు. నేను ల్యాప్‌టాప్ మూత తెరిచి ఎక్సెల్ షీట్ వెతుకుతున్నట్టు నటించాను. ఆయన కాసేపు చూసి, మంచినీళ్ల బాటిల్ తీసుకుని లేచి వెళ్లిపోయాడు. సీటు మూడో స్థానంలో ఉన్నవాడికి వెళ్లింది. అతనికి రెండు కాంట్రాక్టు కంపెనీలున్నాయి. ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. వేరే కారణం చెప్పలేను.

అప్పటినుంచి సర్వే పేరుతో టికెట్లు పోయిన వార్త ఎక్కడ చదివినా నాకు ఆ మూల కుర్చీ గుర్తొస్తుంది. 2024 ఎన్నికల ముందు వైఎస్సార్‌సీపీ వరసపెట్టి ఇన్‌ఛార్జుల మార్పు జాబితాలు ఇచ్చింది. టీడీపీ అభ్యర్థుల మీద జనం ఫోన్లకు ఐవీఆర్‌ఎస్ కాల్స్ చేసి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. ఈ కసరత్తు మొత్తం ఉత్తుత్తి అని నేను అనను. కానీ టికెట్ పోయినవాడికి ఆ రిపోర్టు చూపించే ఆనవాయితీ మన దగ్గర లేదు. ఎంతమందిని అడిగారు, ఏం అడిగారు, ఎప్పుడు అడిగారు అన్నది ఒక్క పేజీలో రాసిచ్చినా చాలు, ఇవ్వరు. డబ్బు చూశాం, కులం చూశాం, పొత్తు లెక్క చూశాం అని మొహం మీద చెప్పడం కష్టం. సర్వే అంటే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. నా దృష్టిలో మమ్మల్ని దాచిపెట్టడం కంటే ఇలా అడ్డం పెట్టుకోవడమే పెద్ద అబద్ధం.

అపోహ: ఫలానా ఆయన స్నేహంకొద్దీ సలహాలిస్తున్నాడు, డబ్బు తీసుకోడు.

2022 మార్చిలో కేసీఆర్ విలేకరుల ముందు, ప్రశాంత్ కిశోర్ తనకు ఏడెనిమిదేళ్లుగా స్నేహితుడనీ, ఆయన డబ్బు కోసం పనిచేసే మనిషి కాదనీ అన్నారు. అంతకుముందు ఏడాది పంజాబ్‌లో అప్పటి ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ ఆయన్ని కేబినెట్ హోదాతో సలహాదారుగా పెట్టుకున్నారు, జీతం ఒక్క రూపాయి. ఇక 2024లో బిహార్‌లోని బేలాగంజ్ ఉపఎన్నిక ప్రచారంలో ప్రశాంత్ కిశోరే, ఒక ఎన్నికకు సలహా ఇస్తే తన ఫీజు వంద కోట్లకు పైనే అని మైకులో చెప్పారు.

ఈ మాటలన్నీ ఒకేసారి నిజం కావచ్చు. మనిషికి రూపాయి, సంస్థకు కోట్లు. నాయకుడు మాట్లాడేది మనిషి గురించి, బిల్లు వచ్చేది సంస్థ పేరు మీద. ‘ఆయన డబ్బు తీసుకోడు’ అని ఎవరైనా అంటే, ‘మరి సంస్థ?’ అని రెండో ప్రశ్న వేయాలి. మన విలేకరులు మొదటి జవాబు దగ్గరే ఆగిపోతారు.

అపోహ: ఈ ఖర్చు ఏ లెక్కల్లోనూ కనపడదు.

పూర్తిగా నిజం కాదు. అసెంబ్లీ ఎన్నికలయ్యాక 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికలైతే 90 రోజుల్లో పార్టీలు ఎన్నికల సంఘానికి ఖర్చుల వివరాలు ఇవ్వాలి. 2019 ఎన్నికలకు వైఎస్సార్‌సీపీ ఇచ్చిన లెక్కలో ఐప్యాక్‌కి 37.57 కోట్లు చెల్లించినట్టు ఉంది. నిజం చెప్పాలంటే అలా పేరుతో సహా చూపించడం మెచ్చుకోవాల్సిన విషయం. చాలా లెక్కల్లో ఇలాంటి ఖర్చు ప్రచారం, మీడియా అనే పెద్ద పద్దుల్లో కలిసిపోతుంది.

పార్టీ ఖర్చుకి పరిమితి లేదు. అభ్యర్థికి ఉంది, పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. అది కూడా నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చే రోజు వరకే. మేం దిగేది నామినేషన్‌కి ఏడాది, ఏడాదిన్నర ముందు. ఆ కాలమంతా చట్టం కంటికి మేం లేనట్టే. నాకు జీతం ఇచ్చిన ఒక అభ్యర్థి తరఫున బ్యాంకులో డబ్బు ఒక క్రషర్ కంపెనీ నుంచి పడేది. నా పేరు ఎదురుగా ‘సూపర్‌వైజర్’ అని ఉండేది. నేను ఆ క్రషర్‌ని ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకో తమాషా చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్, పబ్లిషర్ పేరు, చిరునామా ఉండాలి. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కరపత్రం వేసిన ప్రెస్సు ఆయన పేరు రాయాలి, అందులో మాటలు రాసిన నా పేరు అక్కర్లేదు. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు, సోషల్ మీడియా ఖాతాలు అన్నీ అడుగుతారు. కన్సల్టెంట్ ఎవరని అడగరు. అమెరికాలో ఫెడరల్ ఎన్నికల అభ్యర్థులు 200 డాలర్లు దాటిన చెల్లింపులు ఎవరికి, దేనికి అన్నది కమిషన్‌కి రాసివ్వాలి. అక్కడా సందులున్నాయి, కానీ కనీసం ఆ గడి ఉంది.

అపోహ: బయటి రాష్ట్రం వాళ్లు వచ్చి మన రాజకీయాల్ని పాడుచేస్తున్నారు.

ఈ తిట్టు సీజన్‌ని బట్టి మారుతుంది. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు ప్రశాంత్ కిశోర్‌ని బిహార్ బందిపోటు అన్నారు. 2023 డిసెంబరులో అదే ప్రశాంత్ కిశోర్ లోకేశ్‌తో కలిసి గన్నవరంలో దిగి, ఉండవల్లిలో చంద్రబాబుని కలిశారు. మర్యాదపూర్వక భేటీ అన్నారు. మర్యాద మంచిదే.

పైన బాస్‌లు బయటివాళ్లే ఉండొచ్చు. కింద తిరిగేది మాత్రం మన బీటెక్, ఎంబీఏ పిల్లలే. పల్నాడు యాసకీ కర్నూలు యాసకీ తేడా తెలియకుండా గుమ్మం ముందు నిలబడితే ఓటరు రెండో ప్రశ్నకే తలుపేస్తాడు.

అపోహ: ఏ పార్టీ అని చెప్పకుండా సర్వే చేయడం మోసం.

కాదు. పార్టీ పేరు చెబితే జవాబు మారిపోతుంది. ‘ఎవరి తరఫునొచ్చావ్ బాబూ?’ అని ముందే అడిగే పెద్దమ్మలుంటారు. పేరు చెబితే ఆ పార్టీకే వేస్తానంటుంది, పక్క వీధిలో ఇంకొకడికి ఇంకో పేరు చెబుతుంది. అందుకని ‘చెప్పకూడదమ్మా’ అనడం న్యాయమే. ‘టీవీ చానెల్ నుంచి వచ్చాం’, ‘కాలేజీ ప్రాజెక్టు’ అని చెప్పడం అబద్ధం. నా చేతా ఒక వేసవి మొత్తం కాలేజీ ప్రాజెక్టు అని చెప్పించారు. ఒకావిడ జాలిపడి మజ్జిగ ఇచ్చి, మార్కులు బాగా రావాలని దీవించింది కూడా.

అపోహ: పాదయాత్రలు, పథకాలు, నినాదాలు అన్నీ వీళ్లు కనిపెట్టినవే.

వైఎస్ 2003లో చేవెళ్ల నుంచి నడిచినప్పుడు ఏ ఐప్యాక్ ఉంది? నడక పాతదే. ఎక్కడ ఆగాలి, ఎవరితో ఫొటో దిగాలి, సాయంత్రం ఏ ముక్క వాట్సాప్‌లోకి వెళ్లాలి అన్నది మా పని. ఆ మాటకొస్తే అద్దె బుర్రలు కూడా కొత్త కాదు. 1984లో రాజీవ్ గాంధీ ప్రచారం చేసింది రిడిఫ్యూజన్ యాడ్ ఏజెన్సీ. 2004లో వాజ్‌పేయి ప్రభుత్వానికి ‘ఇండియా షైనింగ్’ ప్రచారం చేసింది గ్రే అనే ఏజెన్సీ. ఆ రెండోది ఏమైందో తెలిసిందే.

అపోహ: మంచి కన్సల్టెంట్ ఉంటే గెలుపు ఖాయం.

2017లో యూపీలో కాంగ్రెస్‌కి ప్రశాంత్ కిశోర్ పనిచేస్తే 403 సీట్లలో 7 వచ్చాయి. అదే ఏడాది పంజాబ్‌లో 117కి 77. ఏపీలో అదే ఐప్యాక్, అదే పార్టీ, 2019లో 151, 2024లో 11. ప్రశాంత్ కిశోర్ సొంతంగా పెట్టుకున్న జన్ సురాజ్ పార్టీకి 2025 బిహార్ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. గాలి ఉంటే తెరచాప సరిచేస్తాం. గాలి లేకపోతే మా దగ్గర పంకా లేదు.

అపోహ: గెలిపిస్తే బోనస్‌లు, బహుమతులు దండిగా ఇస్తారు.

ఈ ఫీల్డ్‌లో కొత్తగా వచ్చేవాళ్లకి సీనియర్లు నేర్పే మొదటి పాఠం, పోలింగ్‌లోపే చివరి పైసా వసూలు చేసుకోమని. ఓడినవాడు ‘ఓడిపోయానుగా, ఇంకేం ఇవ్వను’ అంటాడు. గెలిచినవాడి మాట ఇంకా తియ్యగా ఉంటుంది. రైస్ మిల్లు అభ్యర్థి గెలిచాడు. మూడో విడత పేమెంట్ కోసం నేను నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి పూలదండల మధ్య కూర్చుని, పక్కనున్న మండల నాయకులకి వినపడేలా, ‘నన్ను గెలిపించింది జనం నాయనా, కంప్యూటర్లు కాదు’ అన్నాడు. వాళ్లంతా చప్పట్లు కొట్టారు. పీఏ నన్ను పక్కకి తీసుకెళ్లి, లోకల్ బాడీ ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి, ఊళ్లవారీగా కొత్త సర్వే ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు.