మట్టిలో సిమెంటు కలిపి కట్టే గోడ: అపోహలు - వాస్తవాలు

శాన్ ఫ్రాన్సిస్కో బే చుట్టుపక్కల పునాది గుంతలకు గోడలు డిజైన్ చేయడం నా పని. ఇక్కడ మెత్తటి బంకమట్టి, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. అందుకని తవ్వకం మొదలెట్టకముందే గుంత చుట్టూ ఆగర్లు (బ్లేడులున్న పెద్ద మరల్లాంటి డ్రిల్లులు) దింపి, సిమెంటు పాలు పోస్తూ, ఉన్న మట్టిని ఉన్నచోటే కలిపేస్తాం. అది గట్టిపడేలోపు స్టీలు బీములు దించుతాం. జపాన్‌లో 1970లలో ఊపందుకున్న పద్ధతి ఇది. ఇదే ఊళ్లో ట్రాన్స్‌బే బస్ స్టేషన్‌కి సుమారు 18 మీటర్ల లోతు తవ్వినప్పుడు చుట్టూ నిలబెట్టింది ఇలాంటి గోడనే. మన జూనియర్లు ఫోన్ చేసి అడిగేవాటిలో కొన్ని మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

అపోహ: కాంక్రీటంత బలం లేనిది గోడే కాదు.

ఎం25 కాంక్రీటు బలం 25 మెగాపాస్కల్స్. బంకమట్టిలో కలిపిన గోడకు 1 దగ్గర వస్తే మాకు చాలు. గోడను వంచే తోపు (బెండింగ్) అంతా మోసేది బీమే. రెండు బీముల మధ్య ఉన్న మట్టి-సిమెంటు కమానులా పనిచేసి, వెనక నుంచి వచ్చే తోపును బీములకు అప్పగిస్తుంది. ఖర్చు తగ్గించడానికి బీముల మధ్య దూరం పెంచుదామని ఎవరైనా అంటే, ముందు ఆ కమాను లెక్క మళ్లీ చూడండి.

అపోహ: బలం రాలేదా, ఇంకో బస్తా సిమెంటు వేయి.

బలం రాకపోవడానికి చాలాసార్లు కారణం సరిగ్గా కలపకపోవడమే. ఆగర్‌ను తొందరగా పైకి లాగేస్తే జిగట మట్టి ముద్దలుగా మిగిలిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడే లోతు నుంచి తీసిన శాంపిల్‌ని నేను చేత్తో చిదిమి చూస్తాను. బూడిదరంగు పిండిలో నిమ్మకాయంత నల్లటి ముద్ద తగిలిందంటే, అక్కడికి సిమెంటు చేరనే లేదు. బస్తాలు పెంచినా ఆ ముద్ద ముద్దే. బ్లేడు మీటరుకు ఎన్నిసార్లు తిరిగిందన్నది సిమెంటు ఎంత పోశారన్నదానితో సమానంగా చూడాలి. కుళ్లిన ఆకు, పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) ఉన్న నేలయితే సిమెంటే సరిగా గట్టిపడదు, అది వేరే తలనొప్పి.

అపోహ: గోడ నీటిని ఆపేస్తుంది కాబట్టి నీటి గోల ఉండదు.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. నీటిని ఆపిన గోడ ఆ నీటి తోపును కూడా మోయాలి. 10 మీటర్ల గుంత తీసుకుందాం. వెనక పొడి ఇసుక ఉంటే, మీటరు పొడవు గోడ మీద తోపు సుమారు 30 టన్నులు. అదే ఇసుకలో నీళ్లు నేలమట్టం దాకా ఉంటే, నీటిలో మునిగి తేలికైన ఇసుక తోపు 15 టన్నులకు దిగుతుంది, కానీ నీళ్లొక్కటే 50 టన్నులు తోస్తాయి. మొత్తం 65. రెట్టింపు కంటే ఎక్కువ. పోనీ బయట బోర్లు వేసి నీళ్లు తోడేద్దామా అంటే, పక్కింటి పునాది కింద బంకమట్టి కుంగిపోతుంది. అలా కుంగకూడదనే కదా ఈ గోడ!

ఇక అడుగు నుంచి వచ్చే నీరు. గుంత అడుగున 3 మీటర్ల బంకమట్టి పొర, దాని కింద ఇసుక ఉందనుకోండి. ఆ పొర బరువు చదరపు మీటరుకు 5.7 టన్నులు. కింది ఇసుకలో 8 మీటర్ల నీటి ఒత్తిడి ఉంటే 8 టన్నులు పైకి తోస్తుంది. గోడ రాయిలా ఉన్నా అడుగు పొంగుతుంది. గోడను ఆ ఇసుక దాటించి, నీరు వదలని పొరలోకి దించాలి, లేదా లోపల బోరు వేసి ఆ ఒత్తిడి తగ్గించాలి.

అపోహ: చుక్క కూడా ఊరకూడదు.

ఊరుతుంది. బాగా కలిపిన 90 సెంటీమీటర్ల గోడకు వెనక 9 మీటర్ల నీరుంటే, చదరపు మీటరుకు రోజుకు సుమారు 9 లీటర్లు, అంటే ఓ చిన్న బిందెడు. అది చెమ్మే. భయపడాల్సింది అతుకుల దగ్గర. ఒక కాలమ్ (ఆగర్ ఒకసారి దిగి కలిపిన స్తంభం) నూటికి ఒకటి చొప్పున వాలినా 20 మీటర్ల లోతులో 20 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. పక్కది అవతలికి వాలితే ఎడం 40 అవుతుంది. డ్రాయింగులో ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా ఇచ్చిన కొలత 30 మాత్రమే అయితే మధ్యలో సందు.

ఒక సైటులో నాకే అనుభవం. వాలు రికార్డులు నేను పైపైన చూసి వదిలేశాను. 9 మీటర్ల లోతుకు తవ్వేసరికి రెండు ప్యానెళ్ల (పక్కపక్కనే కలిపిన గోడ ముక్కల) మధ్య నుంచి వేలెడంత ధార. ప్లాస్టిక్ గ్లాసులో పట్టి పక్కన పెట్టాం. ఐదు నిమిషాల్లో అడుగున ఇసుక పేరుకుంది. తేట నీరయితే తెల్లారి చూసుకోవచ్చు, ఇసుక వస్తోందంటే గోడ వెనక నేల ఖాళీ అవుతున్నట్టే. ధారను మూసేయకుండా, ఇసుక ఆగి నీరు మాత్రం వచ్చేలా వడపోత గుడ్డ, కంకర బస్తాలు పేర్చి, తర్వాత వెనక నుంచి గ్రౌట్ (సందులు పూడ్చే సిమెంటు పాలు) కొట్టాం. అప్పటి నుంచి ప్రతి ప్యానెల్ వాలు రికార్డునూ రోజు సాయంత్రమే గీసి చూస్తాను.

అపోహ: పోలవరంలోదీ ఇదేగా?

కాదు. అది డయాఫ్రం వాల్. కందకం తవ్వి, మట్టి తీసేసి ప్లాస్టిక్ కాంక్రీటు (బెంటొనైట్ మట్టి కలిపిన, పగలకుండా కొంచెం వంగే కాంక్రీటు) నింపుతారు. నది కింద ఊటను ఆపడమే దాని పని, గుంత పక్కన నిలబడి మట్టిని మోసే గోడ కాదు.

అపోహ: హైదరాబాద్ సెల్లార్లకూ ఇదే వాడొచ్చు.

గుండ్రాళ్లు, గ్రానైటు తగిలితే ఆగర్ కలపడానికి అక్కడ మట్టే ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టా ఒండ్రులో, నీళ్లు పైపైనే ఉన్న చోట అయితే తప్పకుండా ఆలోచించవచ్చు. అక్కడివాళ్లెవరైనా అడిగితే నేను ముందు అడిగేది బోరు లాగ్ (ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసిన రికార్డు) కాపీ. అందులోనూ గుంత అడుగు కంటే కింద ఏ పొర ఉందన్నదే.