అంటు కత్తి పట్టబోయే పిల్లలకు

చిరంజీవులు మనవడికీ, మనవరాలికీ, మొన్న మన అరుగు మీద కూర్చుని కాయలు తిన్న మీ స్నేహితులకూ తాత దీవెనలు.

మీరు తిరుపతి చేరినట్టు మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ ఉత్తరం ఎందుకంటే, ఆ రోజు మీలో ఒకడు ఒక మాట అన్నాడు. పదో తరగతి అయిపోయింది, తరువాత ఏం చదవాలని మీరు మాట్లాడుకుంటుంటే నేను తోటల కోర్సు సంగతి ఎత్తాను. "చెట్టుకు నీళ్ళు పొయ్యడానికి కూడా ట్రైనింగా తాతా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాత్రి మంచం మీద పడుకున్నాక, దానికి నా దగ్గర జవాబు ఉంది కదా అనిపించింది. ఎదురుగా చెబితే మీరు సగంలో సెల్లు చూసుకుంటారు. అందుకని కాగితం మీద పెడుతున్నా.

ముందు నీళ్ళ సంగతే చూద్దాం. మామిడి చెట్టుకు నవంబరు, డిసెంబరులో నీళ్ళు పొయ్యకూడదు. పూత రావాలంటే దానికి ముందు రెండు మూడు నెలలు చెట్టు కాస్త ఎండాలి. పాపం ఎండిపోతోందే అని జాలిపడి నీళ్ళు వదిలారనుకోండి, పూత రావలసిన కొమ్మకు చిగురు వస్తుంది. చూడ్డానికి పచ్చగా, అందంగా ఉంటుంది. కాయ మాత్రం ఉండదు. పిందె బఠానీ గింజంత అయ్యాక మళ్ళీ తడి మొదలుపెట్టాలి. అంటే నీళ్ళు పొయ్యకుండా ఉండడం కూడా నేర్చుకోవాల్సిన పనే.

ఇంకో లెక్క. పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 చెట్లు. ఒక్కో చెట్టుకు గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు నాలుగు పెట్టామంటే గంటకు 32 లీటర్లు, ఎకరాకు 1,280 లీటర్లు. ఇప్పుడు బోరు దగ్గరికి పోయి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాల్లో నిండిందా, గంటకు 6,000 లీటర్లు. నాలుగు ఎకరాలకు ఒకేసారి వాల్వు తిప్పొచ్చు. అయిదో ఎకరం కూడా తిప్పితే చివరి లైన్లలో చెట్లకు నీళ్ళు సరిగా అందవు. ఈ లెక్క వెయ్యడం తెలియక, పైపుల్లో ఏదో అడ్డం పడిందని నెలల తరబడి ఫిల్టర్లు కడిగినవాళ్ళు నాకు తెలుసు. మన రాష్ట్రంలో ఇలాంటి డ్రిప్పు పైపులు పెట్టించే సూక్ష్మ సేద్యం పథకం 2003లో మొదలైంది. పైపులు చాలా తోటల్లోకి వచ్చాయి. వాటిని అర్థం చేసుకున్న మనిషి మాత్రం ప్రతి ఊళ్ళోనూ లేడు.

ఇక నా కథ చెబుతా. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నాకు ముప్పయ్యేళ్ళప్పుడు రెండెకరాల్లో 80 బేనీషా మామిడి అంట్లు నాటాను. గుంతలు తవ్వాను, గెత్తం వేశాను, బిందెలతో నీళ్ళు మోశాను. మొదటి ఎండాకాలం కొన్ని మొక్కలు వాడిపోయినట్టే అయ్యి, వానలు పడగానే మళ్ళీ ఏపుగా చిగురు పెట్టాయి. చచ్చిన మొక్కలు బతికాయని ఎంత సంబరపడ్డానో! వాటికే ఇంకో బుట్టెడు గెత్తం ఎక్కువ వేశాను కూడా.

అయిదేళ్ళకు కాపు వచ్చింది. ముప్పై చెట్లకు పైగా బేనీషా కాదు. చిన్న కాయ, నిండా పీచు, పులుపు. నర్సరీవాళ్ళు మోసం చేశారని ఊరంతా చెప్పుకు తిరిగాను. చివరికి రైతులకు పెట్టిన మూడు రోజుల శిక్షణలో ఒక పెద్దాయన నా గోడు అంతా విని, ఒకటే అడిగాడు: "ఆ చిగురు కట్టుకు పైన వచ్చిందా, కింద వచ్చిందా?"

నాకు అప్పుడు అర్థమయింది. అంటు మొక్క అంటే ఇద్దరు కలిసిన మొక్క. కింద వేరు నాటు టెంకది, పైన కొమ్మ మనం కోరుకున్న చెట్టుది. రెండూ అతికిన చోటే కట్టు. ఎండకు పైకొమ్మ చచ్చిపోయింది. కింద నాటు వేరు బతికే ఉంది. అది కట్టు కింది నుంచి చిగురు పెట్టింది. ఆ చిగురును వెంటనే గిల్లెయ్యాలి. నేను ఎరువు వేసి మరీ పెంచాను. తప్పు నర్సరీది కాదు, నాది.

ఈ పనిలో నేను చూసిన పెద్ద చిక్కు ఇదే. టైలరు గుడ్డ తప్పుగా కత్తిరిస్తే ఆ రోజే తెలుస్తుంది. వంటలో ఉప్పెక్కువైతే మొదటి ముద్దకే తెలుస్తుంది. తోటలో చేసిన తప్పు అయిదేళ్ళు నోరెత్తదు. ఎత్తేసరికి మీ వయసులో అయిదేళ్ళు పోయుంటాయి. చేస్తూ చేస్తూ అదే వస్తుందిలే అనే మాట చాలా పనులకు సరిపోతుందేమో గాని, దీనికి సరిపోదు. చేసినవాడి పక్కన నిలబడి, ఆయన తప్పులు కూడా అడిగి తెలుసుకోవాలి. శిక్షణ అంటే నా దృష్టిలో ఇంతే, ఎవరో పోగొట్టుకున్న అయిదేళ్ళు మీకు వారంలో దొరకడం.

ఆ పెద్దాయన దగ్గరే నేను అంటు కట్టడం నేర్చుకున్నాను. అది కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే చదివితే రాదు గాని, చదివి వస్తే తొందరగా వస్తుంది.

మన మామిళ్ళలో టెంక నాటితే తల్లి కాయ రాదు. అందుకే అంటు. టెంకలను పండు తిన్న నెల లోపలే నాటాలి, ఆలస్యమైతే మొలక శక్తి పోతుంది. ముందు నీళ్ళలో వేసి తేలినవి తీసి పారెయ్యాలి. పైన అతికే కొమ్మను బాగా కాసే చెట్టు నుంచి ఎంచుకోవాలి. దాన్ని కొయ్యడానికి వారం పది రోజుల ముందే ఆకులు తుంచెయ్యాలి, కాడలు మాత్రం ఉంచాలి. అలా చేస్తే కొమ్మ చివరి మొగ్గ ఉబ్బుతుంది, అతికించాక తొందరగా కదులుతుంది. కొమ్మ అడుగును రెండు వైపులా, కింద సన్నగా వచ్చేలా చీల లాగా చెక్కి, కింది మొక్కను నిలువుగా చీల్చి, అందులో దించాలి. చెక్కడం ఒక్క వేటుకు రావాలి. రెండోసారి గీకితే గంటు ఎగుడుదిగుడవుతుంది, మధ్యలో గాలి నిలుస్తుంది, అతకదు. రెండూ ఒకే లావు లేకపోతే కనీసం ఒక పక్కన బెరడు బెరడుకు తగలాలి. ఎందుకంటే బెరడు కింద ఉండే పలచటి పచ్చ పొరే అతుక్కునేది, లోపలి కట్టె కాదు. ఈ ఒక్క సంగతి తెలియనివాడు నడిమధ్యకు చూసి పెడతాడు. చూడ్డానికి చక్కగా ఉంటుంది, చస్తుంది. తరువాత ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా చుట్టి, పైన చిన్న పాలిథిన్ టోపీ పెట్టాలి. రెండు మూడు వారాల్లో మొగ్గ విచ్చుకుంటుంది.

నేను మొదటి రోజు కట్టిన ఇరవైలో మూడు బతికాయి. మనవరాలా, నీకు చెబుతున్నా విను, నాతో నేర్చుకున్న ఒకామె రెండో నెలకే నన్ను దాటిపోయింది. ఈ పని బలంతో కాదు, వేళ్ళతో. నర్సరీల్లో కూలి చాలా చోట్ల అంటుకు ఇంత అని కడతారు. బతికిన వాటికే లెక్క కట్టేవాళ్ళూ ఉన్నారు. అలాంటి చోట మగ కూలి, ఆడ కూలి అనే తేడా ఉండదు.

మందులు కొట్టడం గురించి ఒక్క మాట. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అంటే అన్నిటికంటే విషం ఎక్కువ, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. గాలికి ఎదురుగా నిలబడి కొట్టకండి. ఈ విషయంలో మా తరం చేసినట్టు మీరు చెయ్యకండి, మేం చేతులతో కలిపాం.

తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమం మాత్రం కొంచెం చెప్పాలి, అది నాకు ఇష్టం. కిలో మైలుతుత్తం (అదే కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. రెండూ విడివిడిగా కలుపుకుని, తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలో పొయ్యాలి, తిరగేసి పొయ్యకూడదు. ఇనుప డ్రమ్ములో కలపకూడదు. కలిపాక శుభ్రమైన కొడవలి కాసేపు ముంచి తియ్యండి. ఇనుము మీద ఎర్రటి రాగి పొర పట్టిందంటే సున్నం చాల్లేదని అర్థం. అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఇదంతా మీరు బడిలో చదివిన కెమిస్ట్రీయే. టెన్త్‌లో ఇనుప మేకు, కాపర్ సల్ఫేట్ ప్రయోగం చేశారు కదా, మార్కుల కోసం. అది ఇక్కడ పనికొస్తుంది.

ఎక్కడ నేర్చుకోవాలి అంటారా. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది. దాని పాలిటెక్నిక్‌లలో పది పాసైనవాళ్ళకు రెండేళ్ళ డిప్లొమా ఉంది. ఐటీఐలో హార్టికల్చర్ ట్రేడు ఒక ఏడాది. తిరుపతిలోనే నిమ్మజాతి పరిశోధన కేంద్రం ఉంది, 1961 నుంచి ఉన్న ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. మీరు రోజూ బస్సులో వాటి ఊళ్ళోనే తిరుగుతారు, ఒక్కసారైనా లోపలికి పోయారా? కృషి విజ్ఞాన కేంద్రం తిరుపతిలో ఒకటి, కలికిరిలో ఒకటి ఉన్నాయి. దేశంలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో పెట్టారు. ఊళ్ళలో పిల్లలకు చేతిపని నేర్పడం ఆ కేంద్రాల పనుల్లో ఒకటి. పద్దెనిమిది నిండితే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. అక్కడ భోజనం, వసతి, చదువు అన్నీ ఉచితం.

ఏ కోర్సు చూడ్డానికి పోయినా, బోర్డు మీద ఏం రాశారో చదవకండి. లోపలికి పోయి, "ఒక్కొక్కరి చేత ఎన్ని అంట్లు కట్టిస్తారు సార్?" అని అడగండి. సంఖ్య చెప్పినవాళ్ళ దగ్గర చేరండి. "అన్నీ నేర్పిస్తాం" అన్నవాళ్ళకు దండం పెట్టి బయటికి రండి. చెప్పే ఆయన గోళ్ళలో మట్టి ఉంటే ఇంకా మంచిది. నా పిచ్చి అనుకోండి, నేనైతే చూస్తాను.

వారం, నెల కోర్సులు వద్దని చెప్పను. కాకపోతే మామిడి తన సంగతి చెప్పడానికి ఏడాది తీసుకుంటుంది. పూత చలికాలంలో, కోత ఎండల్లో, టెంకలు వానల మొదట్లో, కొమ్మ కత్తిరింపు కోత అయిపోయాక. నెల కోర్సులో మీరు ఒక్క ముక్క చూస్తారు. ఆ సర్టిఫికెట్ తీసుకున్నాక ఏదో ఒక తోటను పట్టుకుని ఏడాది పాటు ఆదివారాలు పొండి. జీతం ఇవ్వకపోయినా పొండి.

"తాతా, 2025లో తోతాపురి మామిడిని అడిగే దిక్కు లేక రోడ్డు మీద పారబోశారు కదా, మళ్ళీ తోటలంటావా?" అని మీరు అడగొచ్చు. నిజమే. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకు 12 అన్నారు. దానికోసం ట్రాక్టర్లు రోజుల తరబడి గేట్ల ముందు నిలబడ్డాయి. నా కాయలూ అందులో ఉన్నాయి. మన చిత్తూరు పక్కన గుజ్జు ఫ్యాక్టరీలను నమ్ముకుని అందరం ఒకే రకం పెట్టాం, అదీ అసలు కథ. కానీ చూడండి, ఆ ముదురు చెట్లను నరికి పారెయ్యక్కర్లేదు. కొమ్మలు తగ్గించి కొట్టి, కొత్త చిగుళ్ళు వచ్చాక వాటి మీద వేరే రకం అంటు కట్టొచ్చు. వేరు పాతదే కాబట్టి కొత్తగా నాటినదానికంటే ముందే కాపుకొస్తుంది. నా ముప్పై నాటు చెట్లను నేను అలాగే బేనీషా చేశాను. ఇప్పుడు ఆ పని చేయించుకోవాలనుకునే రైతులు ఉన్నారు. చేసే చెయ్యి దొరకడం లేదు. ధర పడిపోయిన ఏడాది రైతు ఏడుస్తాడు, నిజం. అంటు కట్టేవాడికి ఆ ఏడాది కూడా పని ఉంటుంది.

తోట అంటే మామిడి ఒక్కటే కాదులెండి. కుప్పం, పలమనేరు పక్క ప్లాస్టిక్ కప్పు కింద మొక్కలు పెంచే పాలీహౌసులున్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ లాంటి పెద్ద క్యాంపస్‌లున్నాయి. తిరుమల దేవస్థానానికి తోటల విభాగమే ఉంది. తోటమాలి అంటే నవ్వినవాడికి ఒక సంగతి చెప్పండి. రామానుజులవారు కొండ మీద పూల సేవకు ఎవరు పోతారని అడిగితే, ఆ చలికి, ఆ అడవికి భయపడి అందరూ తలలు దించుకున్నారట. లేచి నిలబడినవాడు అనంతాళ్వారు. ఆయన తోటకు చెరువు తవ్వుతుంటే, గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే, సాయం చెయ్యబోయిన పిల్లవాణ్ణి కోపంతో గడ్డపారతో కొట్టాడని, ఆ పిల్లవాడు స్వామేనని, ఆ దెబ్బకే స్వామి గడ్డం మీద పచ్చకర్పూరం పెడతారని చెబుతారు. ఆ గడ్డపార మహాద్వారం దగ్గర గోడకు ఉంది. క్యూలో తోపులాటలో మీరు చూసి ఉండరు. ఈసారి కుడి పక్కకు తలెత్తండి.

ఇక అసలు పని. మొన్న మీరు తిని అరుగు కింద పారేసిన టెంకలున్నాయే, అవి నేను పారెయ్యలేదు. కడిగి, తేలినవి తీసేసి, మిగిలిన 46 టెంకలు బావి పక్క నీడలో నాటాను. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. మొలకెత్తగానే ఆకు రాగి రంగులో, లేతగా ఉంటుంది. టెంక మొలక మీద అంటు కట్టాలంటే అప్పుడే, కాండం వేళ్ళకు మెత్తగా తగిలేటప్పుడే. కొమ్మలకు ఆకులు ముందే తుంచి పెడతాను. కత్తులు నా దగ్గర మూడు ఉన్నాయి, మిగతావాళ్ళు బ్లేడ్లు తెచ్చుకోండి. చిత్తూరు బస్సెక్కి పాకాల దగ్గర దిగితే ఆటోలో వచ్చెయ్యొచ్చు.

మొలకలు కనిపించిన రోజు ఫోన్ చేస్తా. ఎర్రాకు పచ్చబడే లోపు రండి.

మీ తాత