బ్యాగులో దాచిన లెన్సులకే బూజెందుకు పడుతుంది? లెన్సు నిల్వపై కొన్ని అపోహలు - వాస్తవాలు

లెన్సులు విప్పి బాగుచేయడం నా పని. కింద పడినవి, ఉప్పునీళ్లలో మునిగినవి, ఇసుక మేసినవి అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. కానీ నాకు బాధ కలిగించేవి అవి కావు. కింద పడకుండా, తడవకుండా, ఎవరి చేతికీ ఇవ్వకుండా "జాగ్రత్తగా బ్యాగులో పెట్టి ఉంచాను సార్, ఎలా పాడయిందో తెలీదు" అంటూ తెచ్చేవి. ఈ వారంలోనే అలాంటి బ్యాగులు రెండు వచ్చాయి. ఒక్కొక్కరికీ నోటితో చెప్పే ఓపిక అయిపోయి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లెన్సుకి కెమెరా బ్యాగును మించిన భద్రమైన చోటు లేదు

రెండు బ్యాగుల్లో ఒకదాని సంగతి వినండి. అందులో ఐదు లెన్సులున్నాయి. ఇంట్లో పసిపాప పుట్టాక బయటికి వెళ్లి ఫొటోలు తీసే తీరిక లేక, దాదాపు రెండేళ్లు అల్మారా పై అరలో ఉంచేశారట. జిప్పు లాగగానే తడి గోనెసంచి వాసన కొట్టింది. ప్రతి అరలోనూ తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి మాత్రం బుద్ధిగా కూర్చుని ఉంది. క్యాపులు తీసి, అపర్చర్ (లోపల వెలుగు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి కాస్త ఏటవాలుగా చూస్తే, మూడు లెన్సుల్లో అంచు నుంచి మధ్యకి చెట్టు వేళ్లలా పాకిన సన్నటి తెల్లటి పోగులు. ఫంగసే. అసలు విడ్డూరం ఏమిటంటే, ఆయన ఆరో లెన్సు కెమెరాకే తగిలించి టీవీ పక్కన పడి ఉంటుంది, పాప ఫొటోలన్నీ దాంతోనే. పైనంతా దుమ్ము, పాప వేలిముద్రలు, లోపల మాత్రం తళతళలాడుతోంది. దాచినవి పోయాయి, గాలికి వదిలేసింది నిలిచింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మీ లెన్సులోనూ ఇప్పటికే ఉన్నాయి. అవి మొలకెత్తడానికి కావలసింది తేమ, కదలని గాలి, కొంచెం తిండి. తిండికి వేలిముద్ర జిడ్డో, సన్నటి దుమ్మో చాలు. గాలిలో తేమ 60 శాతం దాటి వారాల తరబడి అలాగే ఉంటే వాటికి పండగే. బ్యాగు లోపలి ఫోమూ గుడ్డా ఒకసారి వానలోనో చెమటలోనో తడిసి వచ్చాక ఆ తడిని పట్టుకుని కూర్చుంటాయి. పైగా చీకటి, గాలి ఆడదు. బ్యాగు మోసుకెళ్లడానికి చేసింది. దెబ్బ తగలకుండా చూస్తుంది తప్ప తేమని ఆపదు.

ఫంగస్ ఆలస్యంగా కనిపిస్తే ఇంకో నష్టం ఉంది. అది ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం గ్లాసు మీద ఉండే సన్నటి పూతను, అంటే కోటింగును తినేస్తుంది. నేను లెన్సు విప్పి పోగులు తుడిచేయగలను, కానీ అవి తిన్న కోటింగును తిరిగి పుట్టించలేను. ఎండలో పెట్టినా, యూవీ దీపం కింద పెట్టినా పెరుగుదల ఆగుతుందేమో గానీ మచ్చ పోదు. నీతులు చెప్తున్నానని అనుకోకండి, నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. నేను కొన్న మొట్టమొదటి 50 ఎంఎం లెన్సును మమకారం కొద్దీ దానితో వచ్చిన తోలు కేసులోనే ఉంచాను. తోలు తేమను పీల్చుకుని ఊరికే ఉండదని అప్పటికి తెలియదు. ముందు గ్లాసు మీద ఆకు ఈనెల్లాంటి అచ్చు ఇప్పటికీ ఉంది, వెలుగుకి ఎదురుగా తీస్తే ఫొటో పాలిపోతుంది.

"మరి జెల్ పొట్లాలు వేశాను కదా?"

ఈ మాట వినని రోజు లేదు. కొంచెం లెక్క చూద్దాం. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమ ఉన్నప్పుడు, 20 లీటర్ల డబ్బాలోని గాలిలో ఉండే నీరు మొత్తం కలిపి దాదాపు అర గ్రాము. అంతే! డబ్బా గట్టిగా మూసుకునేదైతే, ఆ గాలిని ఆరబెట్టడం 100 గ్రాముల జెల్‌కి చిటికెలో పని. జిప్పు బ్యాగులో అలా కాదు. ప్రతి కుట్టు నుంచీ గాలి వచ్చిపోతూ ఉంటుంది, అంటే ఆ చిన్న పొట్లం మీ గది మొత్తాన్ని ఆరబెట్టే పని నెత్తిన వేసుకుందన్నమాట. అది నిండిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ తర్వాత అది ఉన్నా లేనట్టే, కానీ దాన్ని చూసి మీరు మాత్రం నిశ్చింతగా ఉంటారు.

కాబట్టి మూత చుట్టూ రబ్బరు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, రంగు మారే జెల్, గాలిలో తేమ శాతం చూపే చిన్న హైగ్రోమీటర్. మొదట్లో ఇంతకు మించి అక్కర్లేదు. ముల్లు 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే దాని పని అయిపోయినట్టు. 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ నీలానికి వస్తుంది. ఆ నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థానిది, వంటకి వాడే గిన్నెల్లో మాత్రం పెట్టకండి. హైగ్రోమీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. కాస్త ఉప్పుని తడి ఇసుకలా అయ్యేంత నీటితో కలిపి చిన్న మూతలో పోసి, దాంతోపాటు హైగ్రోమీటర్‌ని గాలి చొరని కవర్లో రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి 75 చూపించాలి. 82 చూపిస్తే మీ మీటర్ 7 ఎక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి. డ్రై క్యాబినెట్ (లోపలి తేమను తనే అదుపులో ఉంచే కరెంటు అల్మారా) కొన్నవాళ్లూ దాని తలుపు మీది అంకెను నమ్మి వదిలేయకుండా లోపల ఇలాంటిది ఒకటి వేరేగా పెట్టుకోవాలి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

ఎంత పొడిగా ఉంచితే అంత మంచిదని తేమను 20 శాతానికి దించేవాళ్లున్నారు. వద్దు. పాత లెన్సుల్లో గ్లాసులను అతికించిన జిగురుకీ, రబ్బరుకీ అంత పొడిదనం పనికిరాదు.

వెదర్ సీలింగ్ (వాన, దుమ్ము లోపలికి పోకుండా లెన్సు అతుకుల్లో వేసే రబ్బరు) ఉంటే ఫంగస్ రాదంటారు. ఆ సీలు నీటి చుక్కల్ని ఆపుతుంది, తేమగాలిని కాదు.

అల్మారాలో పురుగులు రాకుండా వేసే కలరా ఉండలు లెన్సుల దగ్గర పెట్టకండి. కెమెరా కంపెనీల మాన్యువల్స్‌లోనే ఈ హెచ్చరిక ఉంటుంది. కర్పూరానికీ ఇదే వర్తిస్తుంది.

కొన్నప్పటి అట్టపెట్టెలోనే ఉంచితే కొత్తగా ఉంటుందా? అట్ట కూడా తేమ పీలుస్తుంది. అమ్మేటప్పుడు పనికొస్తుందనుకుంటే పెట్టెను ఖాళీగా అటక మీద పడేయండి.

ఒక ఫంగస్ లెన్సు పక్కన పెడితే మిగతావాటికి అంటుకుంటుందని భయపడి నిద్రపోని వాళ్లని చూశాను. ఇంతకుముందే చెప్పాను, బీజాలు అంతటా ఉన్నవే. చోటు పొడిగా ఉంటే పక్క లెన్సుకి ఏమీ కాదు. అయినా మనసు ఊరుకోదు కదా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాటిని శుభ్రం చేయించేదాకా వేరే డబ్బాలో ఉంచండి, నేనూ అదే చేస్తాను.

టార్చి వేసి చూసి హడలిపోయి ఫోన్ చేసేవాళ్లకి కూడా ఒక మాట. టార్చి కింద ఏ లెన్సైనా చెత్తకుప్పలాగే కనిపిస్తుంది. విడివిడి చుక్కలు దుమ్ము, దాంతో ఫొటోకి వచ్చే నష్టం దాదాపు ఏమీ లేదు. కొమ్మలు వేసినట్టు, దారాల్లా ఉంటేనే నా దగ్గరికి రండి. అలాగే "ఊపితే లోపల ఏదో ఊడి గడగడలాడుతోంది అన్నా" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టిన కుర్రాడు ఒకడున్నాడు, పాపం చాలా టెన్షన్ పడ్డాడు. కొత్త లెన్సుల్లో చాలావాటికి కరెంటు లేనప్పుడు ఫోకస్ గ్లాసుల్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, అందుకే ఆ చప్పుడు. కెమెరాకి తగిలించి ఆన్ చేయమన్నాను, ఆగిపోయింది.

ఇక లెన్సులు పెరుగుతున్నవాళ్లకి. పైనుంచి చూస్తే నల్ల క్యాపులన్నీ ఒకేలా ఉంటాయి, ఏదేదో తెలియక అన్నీ తీసి చూస్తాం, క్యాబినెట్ తలుపు అంతసేపూ తెరిచే ఉంటుంది. పైకి కనిపించే క్యాపు మీద తెల్ల స్టిక్కర్ అంటించి ఫోకల్ లెంగ్త్ (50 ఎంఎం లాంటి అంకె) రాయండి. సీరియల్ నంబర్లు ఒక చోట రాసి ఫొటోలు తీసి పెట్టుకోండి, దొంగతనం జరిగాక వెతుక్కుంటే దొరకవు. క్యాబినెట్ ఇప్పుడున్న లెన్సులకి సరిపోయేది కొంటే ఏడాదిలో ఇరుకవుతుంది, ఒక సైజు పెద్దదే తీసుకోండి.

వరస విషయంలో నాదో పద్ధతి. బ్రాండ్, మౌంట్ (కెమెరాకి తగిలించే అమరిక) లాంటివేమీ చూడను. వాడి తెచ్చిన లెన్సుని ఎప్పుడూ కుడి చివర పెడతాను. అలా చేస్తుంటే నెలల తరబడి ముట్టనివి వాటంతటవే ఎడమ చివరికి జరిగిపోతాయి. నెలకోసారి ఎడమ నుంచి రెండు తీసి, ఫోకస్, జూమ్ రింగులు అటూ ఇటూ తిప్పి, టార్చి వేసి చూస్తాను. ప్రస్తుతం ఎడమ చివర ఒక 135 ఎంఎం ఉంది. మూడుసార్లు చూశాను, శుభ్రంగానే ఉంది. నాలుగోసారి కూడా అక్కడే కనిపిస్తే అమ్మేస్తాను.