అంటు కింది కొమ్మ

బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. "అత్త కష్టపడి రాసిన నవలలో వంద పేజీలు తీసేయమనడానికి ఆ ఎడిటర్ ఎవరు తాతా?" అని అడిగావు. ఆ పేజీలతో పాటు కథలో నీకు ఇష్టమైన మేనమామ ఎడ్లబండి ప్రయాణం కూడా పోయిందని బాధపడ్డావు.

మన నల్లగొండ బత్తాయి చెట్టుకు వేరు ఒకటి, కొమ్మ ఒకటి. కింద రంగపూర్ నిమ్మ, దాని మీద బత్తాయి అంటు. ఆ నిమ్మ వేరు గట్టిది గానీ ఊరుకోదు. అంటు కింది నుంచి తన చిగురే వేస్తుంటుంది.

నా పదేళ్ళప్పుడు నాయిన ఒక మొక్క చూపించి "ఇది నీది" అన్నాడు. బడి నుంచి రాగానే బిందెతో నీళ్ళు పోసేవాణ్ణి. ఆ వానాకాలం దాని మొదట్లోంచి ఒక కొమ్మ లేచింది. నిటారుగా, ముళ్ళతో, చూస్తుండగానే నా భుజం దాకా వచ్చింది. తోటలో అంత జోరుగా పెరిగింది ఇంకోటి లేదు. దోస్తులందరినీ పిలిచి చూపించాను. మరునాడు నాయిన కత్తెర తెచ్చి దాన్ని మొదలంటా కోసేశాడు. ఆ పూట నేను బువ్వ ముట్టలేదు. నాయిన ఏమీ అనకుండా నన్ను గట్టు పక్కన ఎవరూ పట్టించుకోని చెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ అలాంటి కొమ్మే చెట్టయి కూర్చుంది. బత్తాయి వైపంతా ఎండుపుల్లలు. దాని కాయ ఒకటి తెంపి ఇచ్చాడు. ఆ పులుపు ఇంకా నాలుక మీదే ఉంది.

అత్త నవల పొలం అమ్మనని నిలబడ్డ తల్లి కథ. మేనమామ ప్రయాణం నాకూ నచ్చింది. కానీ నలభై పేజీలు అతని బండిలో తిరిగి వచ్చేసరికి ఆ తల్లిని మరిచిపోయాను. రాసినవాళ్ళకు ఇది కనబడదు. నీళ్ళు పోసిన చేతికి అన్ని కొమ్మలూ ముద్దే.

అమెరికాలో థామస్ వుల్ఫ్ అనే రచయిత ఉండేవాడు. ఎంత పొడుగరి అంటే, ఫ్రిజ్ మీద కాగితాలు పెట్టుకుని నిలబడి రాసేవాడట. 1929లో ఆయన మొదటి నవల అచ్చయ్యే ముందు మాక్స్‌వెల్ పెర్కిన్స్ అనే ఎడిటర్ అందులోంచి వేల మాటలు తీయించాడు. 1935లో వచ్చిన రెండో నవలను వుల్ఫ్ ఆయనకే అంకితమిచ్చాడు. తర్వాత ఇద్దరికీ పొసగలేదు, అయినా ఆ అంకితం అలాగే ఉంది.

కత్తెర పట్టిన ప్రతివాడికీ అంటు ఎక్కడుందో తెలియదు. తెలియనివాడు కాసే కొమ్మనే కోస్తాడు. అందుకే అత్త కూడా అన్నిటికీ తలూపొద్దు. కోసినచోట నాయిన బోర్డో పేస్టు పూసేవాడు, లేకపోతే తెగులు పట్టుకుంటుంది. పేజీలు తీసినచోట కూడా అతుకు తెలియకుండా మళ్ళీ రాయాలి. ఆ పని అత్తదే.

దసరా సెలవులకు తమ్ముణ్ణి తీసుకుని రా. చెట్టు మొదట్లో జానెడు ఎత్తున అంటు కట్టినచోట బుడిపె ఉంటుంది, తడిమి చూడు. ఈ వానలకు దాని కింద చిగుళ్ళు వచ్చే ఉంటాయి. కత్తెర నీ చేతికే ఇస్తాను. మేనమామ పేజీలు అత్తనడిగి తెచ్చుకో. రాత్రికి అందరం చదువుకుందాం.

మీ తాత